పాపభాగిని: శ్రీమతి లవెట్ పాత్ర పరిణామము

ధనంజయుడు దశరూపకమున ప్రతినాయకుని లక్షణము చెప్పుచు లోభియు, ధీరోద్ధతుడును, స్తబ్ధుడును, పాపకర్ముడును, వ్యసనియు నైన శత్రువని నిర్వచించెను. ఈ లక్షణములలో ఏదియు పురుషునికే పరిమితమైనది కాదు. ఐనను ఆ స్థానమున స్త్రీని నిలిపి ఆయన పేరు పెట్టలేదు. ప్రతినాయిక యను మాట యున్నను అది ప్రణయమున నాయికకు పోటీయైన స్త్రీకే చెల్లినది. పాపకార్యమున పురుషునితో చేయి కలిపి, సగము పని తాను చేసి, సగము లాభము తాను పుచ్చుకొను స్త్రీని ఏమని పిలువవలెను? సహాయిక యన్నచో చాలదు. సఖి, దూతిక, దాసి మున్నగువారు సహాయికలు. వారు ఒకరి పనిని చేసిపెట్టువారే కాని ఆ పనిలో వాటా గలవారు కారు. కావున మేము ఈ వ్యాసమున 'పాపభాగిని' యను మాటను వాడుచున్నాము. భాగమను పదమునకు వర్తకుని లెక్కల పుస్తకములో నుండు అర్థమే ఇచ్చట ముఖ్యమని మనవి.

మేము పరిశీలింప దలచిన పాత్ర విక్టోరియా యుగమునాటి ఆంగ్ల భయానక కథలలోనిది. లండను నగరమున ఫ్లీట్ వీధిలో క్షురకుడైన స్వీనీ టాడ్ తన దుకాణమునకు వచ్చిన ధనవంతులను చంపి దోచుకొనుట, సమీపమున బెల్ యార్డులో శ్రీమతి లవెట్ ఆ శవముల మాంసముతో భక్ష్యములు చేసి అమ్ముట కథాసారము. ఆ భక్ష్యమునకు ఆంగ్లేయులు 'పై' యందురు. గోధుమపిండి తొడుగులో మాంసము నింపి పొయ్యిలో కాల్చిన వంటకమది. ఆ మాట తెలుగు వాక్యమున పడిన వెంటనే విభక్తి ప్రత్యయముతో కలిసిపోయి అర్థము చెడును. లోపల పూర్ణముండుటచే కజ్జికాయను తలపించును గావున దానిని 'మాంసపు కజ్జము' అందుము. వంటకమునకు మేము చేసిన ఈ అనువాదమును వంట తెలిసినవారు క్షమింతురు గాక.

కథ మొదట 'ది స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్', అనగా 'ముత్యాల సరము' అను పేర ఎడ్వర్డ్ లాయిడ్ నడపిన ఒక వారపత్రికలో 1846 నవంబరు మొదలు 1847 మార్చి వరకు 18 భాగములుగా వెలువడినది. రచయిత పేరు ప్రకటింపబడలేదు. చిరకాలము దీనిని థామస్ పెకెట్ ప్రెస్ట్ రచన యనిరి. నేటి పరిశోధకులలో ఎక్కువమంది జేమ్స్ మాల్కమ్ రైమర్ వైపు మొగ్గుచున్నారు. 1850లో లాయిడ్ దీనిని ఏడువందల పుటలకు మించిన పెద్ద గ్రంథముగా పెంచి ప్రకటించెను. ఒక పెన్నీ వెలకు కూలివారికి, పనివాండ్రకు, చిన్న గుమాస్తాలకు అమ్ముడుపోవు సాహిత్యమిది. పండితులు దీనిని తాకుటకే సంకోచించిరి. స్వీనీ టాడ్ నిజముగా బ్రతికి ఉరిపడిన మనుష్యుడని వాదించు గ్రంథములు తరువాత వచ్చినవి గాని, ఆ పేరి హంతకుని విచారణ న్యాయస్థానపు దాఖలాలలో కనబడదు. ఈ విషయమున మా పరిశోధక విద్యార్థులు కాలము వ్యర్థము చేసికొనకుందురు గాక.

కథ నిజము కాకున్నను దాని వెనుకనున్న భయము నిజము. 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అను ఇరువురు మనుష్యులను చంపి ఆ శవములను ఒక శరీరశాస్త్ర బోధకునికి అమ్మిరి. 1829 జనవరిలో బర్కును ఉరితీసిరి. హేర్ రాజసాక్షియై తప్పించుకొనెను. ఆ యింటనే వారితో కాపురముండిన స్త్రీలిద్దరును శిక్ష పడకుండ బయటపడిరి. మనుష్యశరీరము వెల గల సరకు కాగలదని ఆ వ్యవహారము లోకమునకు తెలిపినది. 1832లో శరీరశాస్త్ర చట్టము వచ్చుటకు అదియు నొక ప్రేరణ. మరియొక భయము తిండిని గూర్చినది. నగరమునకు వచ్చిన పల్లెవాడు ఎవరు వండినదో, దేనితో వండినదో తెలియని వంటకమును వీధిలో కొని తినవలసి వచ్చినది. డికెన్స్ పిక్విక్ కథలో (1836-37) పిల్లిమాంసపు కజ్జములను గూర్చి హాస్యమాడెను. మార్టిన్ చజిల్విట్‌లో (1843-44) పల్లెవాని నరికి కజ్జములు చేయు లండను వర్తకులను గూర్చిన జనవాదమును చమత్కరించెను. అనగా లవెట్ పుట్టుటకు మునుపే ఆమె దుకాణము జనుల నోళ్లలో తెరచియున్నది. ఆ దుకాణములో ఒక మనిషిని కూర్చుండబెట్టుటయే ముత్యాల సరము చేసిన పని.

ఆ మనిషి స్త్రీ యగుట యాదృచ్ఛికము కాదని మా యభిప్రాయము. వీధి దుకాణమైనను వండి పెట్టు చేయి స్త్రీది యైనచో తినువానికి ఇల్లు గుర్తుకు వచ్చును. ఆ విశ్వాసమే ఇచ్చట పెట్టుబడి.

నవలలో శ్రీమతి లవెట్ ఎట్లు కనబడును? వయసు మీరని స్త్రీ, చక్కని రూపు, నిండైన శరీరము. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు కజ్జములు పొయ్యినుండి పైకి వచ్చువేళకు లింకన్స్ ఇన్, టెంపుల్ ప్రాంతముల న్యాయవాదుల గుమాస్తాలు పరుగెత్తుకొని వత్తురు. ప్రతి యువకుడును ఆమె తనను జూచియే నవ్వినదని, తన కజ్జమే తక్కినవారి కజ్జముకన్న పెద్దదని నమ్మును. ఆ నవ్వును రచయిత పలుమారులు వర్ణించెను. అది పెదవులమీద నిలిపిన నవ్వు. హృదయము నుండి వచ్చినది కాదని, దానివెనుక ఏదియో క్రూరత్వమున్నదని శంకించినవారును నవలలో కలరు. కాని వారును కజ్జము తినక మానలేదు. పెన్నీ కథలలో ఇంత సూక్ష్మమైన లోకజ్ఞానము దొరకుట అరుదు. టాడ్ మొగము చూచినంతనే భయము పుట్టును. అతని నవ్వు మృగపు కూతవలె నుండును. అతని కుర్చీలో కూర్చుండువాడు అనుమానింపక పోవుటయే ఆశ్చర్యము. లవెట్ విషయమట్లు కాదు. ఆమె దుష్టత్వము మర్యాదలోనే యున్నది.

భూగృహమున జరుగు వ్యవహారమును చూడుడు. జార్విస్ విలియమ్స్ అను పేరు చెప్పుకొన్న ఒక దిక్కులేని యువకుడు పనికై వచ్చును. లవెట్ అతనిని వంటవానిగా చేర్చుకొనును. నియమ మొక్కటే: భూగృహమును విడిచి వెలికి రాకూడదు. కజ్జములు ఎన్ని తిన్నను అడ్డులేదు. మునుపటి వంటవాడు ఏమయ్యెనని అడుగగా అతడు తన ప్రాతమిత్రులను చూడబోయెనని, వారును అతనిని చూచి సంతోషింతురని ఆమె చెప్పును. పరలోకము నుద్దేశించి పలికిన ఆ మాట విలియమ్స్‌కు తెలియదు, పాఠకునికి తెలియును. ఆకలిగొన్న యువకుడు మొదట అది స్వర్గమనుకొనును; కొన్నాళ్లకు తాను బందీనని గ్రహించును. ఇదంతయు టాడ్ ప్రమేయము లేకుండ ఆమె నడపిన వ్యవహారము. వంటవారిని చేర్చుకొనుట, ముగించుట ఆమె వైపు శాఖకు చెందినవి.

నరమాంసమను మాటను రచయిత చివరివరకు చెప్పడు. సెయింట్ డన్‌స్టన్ దేవాలయమున ఎచ్చటినుండియో దుర్వాసన వచ్చుచున్నదని భక్తులు ముక్కులు మూసికొందురు. ఆ దేవాలయము క్రిందనున్న సొరంగమే క్షురకుని దుకాణమును, కజ్జముల దుకాణమును కలుపు మార్గము. పైన వీధిలో వేడి కజ్జముల సువాసన, దేవాలయమున శవముల దుర్గంధము. రెండును ఒకే సరకు నుండి పుట్టినవి. బీభత్స రసమునకు ఇంతకన్న తగిన ఉద్దీపన విభావమును మేము చూడలేదు.

ఇక ముఖ్యమైన ప్రశ్న. టాడ్‌తో ఆమెకు గల సంబంధమెట్టిది? మొదటి కథలో దానికి సమాధానము స్పష్టము: లెక్కల సంబంధము. ఆమె అతనిని ప్రేమింపదు, అతనికి భయపడదు, అతని మాయలో పడదు. ఈ వ్యాపారము కథ మొదలగుటకు పూర్వమే మొదలైనది. ఎవరు ఎవరిని ప్రేరేపించిరో రచయిత కథగా చెప్పడు. చెప్పవలసిన యవసరమును గుర్తింపడు. టాడ్ ఒక్కడే యైనచో వట్టి దోపిడికాడు; శవములను దాచుటకు చోటు లేక కొలదికాలములోనే పట్టుబడియుండును. లవెట్ వలన శవము ఆదాయమగును. కావున కథకు పేరిచ్చినవాడు అతడైనను వ్యాపారమునకు ప్రాణము ఆమె. ఇట్టి భాగస్వాములు ఒకరినొకరు ఎంతకాలము నమ్ముదురు? టాడ్ ఆమె త్రాగు బ్రాందిలో విషము కలుపును. అదే దినమున విలియమ్స్ కజ్జములను పైకి తెచ్చు పలకమీద తానే దాగి దుకాణములోనికి లేచివచ్చి, తినుచున్నవారి ముందు నిలిచి, వారు తినునది నరమాంసమని చాటును. లవెట్ అక్కడనే కూలి మరణించును. విషము కొంత, భయము కొంత. పాపము బయటపడుటయు, భాగస్వామి మోసము ఫలించుటయు ఒక్క గడియలో జరుగును. కథాసంవిధానమున ఇది పెన్నీ రచయితకు అబ్బిన అదృష్టమో, నేర్పో చెప్పజాలము. ఫలితము మాత్రము మెచ్చదగినది.

కథ ముగియక మునుపే నాటకము వచ్చినది. జార్జ్ డిబ్డిన్ పిట్ రచించిన రూపకమును 1847 మార్చి 1వ తేదీన హాక్స్‌టన్‌లోని బ్రిటానియా రంగశాలలో ప్రదర్శించిరి. 1843 నాటి రంగశాలల చట్టము వలన చిన్న రంగశాలలకు సంభాషణారూపకములు ఆడు హక్కు లభించినది. అందుచేత బీదల పేటలలో రక్తపాతపు నాటకములు వెల్లువయ్యెను. పిట్ రూపకమునకు 'ఫ్లీట్ వీధి పిశాచము' అను ఉపశీర్షికయు, నిజముగా జరిగిన కథ యను ప్రకటనయు తోడయ్యెను. పిశాచమను బిరుదము టాడ్‌దే. ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. చాలకాలము చదువరులకు దొరకిన పాఠము 1883 ప్రాంతమున ముద్రితమైనది. 1847లో అనుమతికై అధికారికి సమర్పించిన వ్రాతప్రతి వేరు. రెంటికిని భేదములు చాల కలవు. ముద్రిత పాఠమును చూచి మొదటి ప్రదర్శనను గూర్చి తీర్పు చెప్పుట పొరపాటు.

ఆనాటి నాటక సమాజములలో పాత్రలు ముందే పంపకమై యుండును. నాయకుడొకడు, నాయిక యొకతె, దుష్టుడొకడు, హాస్యగాడొకడు, వృద్ధుడొకడు. దుష్టుడు రంగమున ప్రవేశించినంతనే ప్రేక్షకులు ఈలలు వేయుదురు. ఆ వ్యవస్థలో నవ్వుచు అమ్ముకొను స్త్రీకి సరియైన చోటు లేదు. నవలలో చిరునవ్వును వర్ణించుటకు పుట లున్నవి. రంగమున అరపు లున్నవి. అందుచేత లవెట్ టాడ్‌కు తోడుగా ఉండునదేగాని తానుగా నిలుచునది కాదయ్యెను. తరువాత నూరేండ్లు ఇదే స్థితి. 1936లో జార్జ్ కింగ్ దర్శకత్వమున వచ్చిన చలనచిత్రమున టాడ్ స్లాటర్ అను నటుడు క్షురకుని పాత్ర ధరించి ప్రసిద్ధుడయ్యెను. అందు కజ్జముల రహస్యమును సూచించుటయే కాని చెప్పుట లేదు. కజ్జములే లేనిచోట లవెట్‌కు పనియేమి?

పాత్ర మరల తలయెత్తుట 1973లో. క్రిస్టఫర్ బాండ్ ఆ కథను తిరుగవ్రాయగా లండను తూర్పుభాగమున స్ట్రాట్‌ఫర్డ్ ఈస్ట్ రంగశాలలో ప్రదర్శించిరి. దానిని చూచిన స్టీఫెన్ సోండ్‌హైమ్ సంగీతరూపకముగా మలచెను. సంభాషణలు హ్యూ వీలర్‌వి, దర్శకత్వము హెరాల్డ్ ప్రిన్స్‌ది. న్యూయార్క్ నగరమున అది మొదట ప్రదర్శితమైన దినము 1979 మార్చి 1. పిట్ రూపకమునకు సరిగా 132 ఏండ్లు నిండిన దినమది. ఈ కాకతాళీయమునకు అర్థము కల్పింప మేము సాహసింపము.

బాండ్ చేసిన మార్పు గొప్పది. నవలలో టాడ్ ధనాశాపరుడు. బాండ్ అతనికి పూర్వకథ నిచ్చెను. బెంజమిన్ బార్కర్ అను క్షురకుని భార్యను కోరిన న్యాయమూర్తి టర్పిన్ అతనిపై అపనింద మోపి ద్వీపాంతరమునకు పంపెను. ఏండ్ల తరువాత అతడు టాడ్ అను పేర తిరిగివచ్చి పగ తీర్చుకొనును. ఇక లవెట్‌కు? ఆమెకు ప్రేమ నిచ్చెను. ఆమె బార్కరును పూర్వమునుండి వలచినది. అతని క్షురికలను అమ్ముకొనక దాచియుంచినది. అతని భార్య విషము త్రాగినదని చెప్పి, బ్రతికియే బిచ్చమెత్తుకొనుచున్న సంగతి చెప్పక దాచినది.

కారణము చెప్పని దుష్టత్వమును సాహిత్యలోకము చిరకాలము సహింపదు. ఈ విషయమున మన పాఠకులకు మంథర కథ గుర్తుకు రావలెను. వాల్మీకి ఆమెను కైకేయి పుట్టింటి దాసిగా పరిచయము చేసి, ఎక్కడ పుట్టినదో చెప్పక విడిచెను. మేడ నెక్కి అలంకరింపబడిన అయోధ్యను చూచినది, మండిపడినది, అంతే. తరువాతివారికి అది చాలలేదు. భారతమందలి రామోపాఖ్యానమున దేవతలు పంపిన దుందుభి యను గంధర్వియే మంథర యైనది. అధ్యాత్మ రామాయణమున సరస్వతి ఆమె నాలుకపై నిలిచెను. మన రంగనాథ రామాయణమున బాలుడైన రాముడు చెండాటలో ఆమె కాలు విరుగగొట్టెననియు, ఆ పగయే పట్టాభిషేక భంగమునకు మూలమనియు కథ. ఒక్కొక్క కారణమును చేర్చినకొలదియు మంథర మనకు అర్థమైనది; అర్థమైనకొలదియు ఆమె చేసిన పని ఆమెది కాకపోయినది. దేవతలదో, సరస్వతిదో, విరిగిన కాలిదో అయినది.

లవెట్‌కు జరిగినదియు అదియే యని మేము మొదట తలచితిమి. మొదటి కథలో ఆమె తన లాభమునకై పాపము చేసినది. పాపము పూర్తిగా ఆమెది. రంగమున ఆమె పురుషుని కొరకై పాపము చేయుచున్నది. పాపము సగము ప్రేమది. పాత్ర పెరిగినది, స్వాతంత్ర్యము తరిగినది. ఇరువదవ శతాబ్దపు రచయితలు స్త్రీకి ఉపకారము చేయుచున్నా మనుకొని, లోభమను హక్కును ఆమెనుండి తీసివేసిరని చెప్పవచ్చును. ఐతే సోండ్‌హైమ్ రూపకమును నిదానముగ పరిశీలించిన పిదప ఈ తీర్పును కొంత సడలింపవలసి వచ్చినది.

మొదటి కారణము: నరమాంసపు ఆలోచన ఇచ్చట ఆమెది. టాడ్ తన గుట్టు తెలిసిన పిరెల్లి యను వానిని చంపి, న్యాయమూర్తి చేతినుండి జారిపోగా ఉన్మత్తుడై లోకమంతయు చావదగినదని కేకలు వేయుచుండును. అప్పుడు లవెట్ శవమును చూచి, మాంసపు ధరను తలచి, వృథా యేల యని అడుగును. అంతవరకు ఆమె దుకాణము లండనులోకెల్ల చెడ్డ కజ్జములమ్ము దుకాణము. ఆ మాట ఆమెయే తన మొదటి పాటలో ఒప్పుకొనును. అతడు పగను గూర్చి పాడును, ఆమె పొదుపును గూర్చి పాడును. మొదటి అంకము ముగింపున ఇరువురును కిటికీనుండి వీధిలో పోవువారిని చూచి, ఏ వృత్తివానితో చేసిన కజ్జమునకు ఏ రుచి యుండునో ఒకరితో నొకరు పోటీపడి శ్లేషలు చెప్పుకొందురు. పురోహితుడు, న్యాయవాది, కవి మొదలుగా అన్ని వృత్తులును ఆ పట్టికకు ఎక్కును. వలపు మాటలాడదగిన చోట దంపతులవలె నిలిచి వారు ఆడు మాటలివి. ప్రేమ వచ్చినను దుకాణము పోలేదు.

రెండవ కారణము లక్షణశాస్త్రమునకు చెందినది. శృంగార బీభత్సములు పరస్పర విరుద్ధములని మన ఆలంకారికులు చెప్పిరి. శవపు ముద్దలు చేతనున్న స్త్రీ ప్రేమను పలికినచో శృంగారము నిలువదు. అంతేకాక ఆమె ప్రేమ ఏకపక్షము. టాడ్ మనస్సు చనిపోయిన దనుకొన్న భార్యయందును, చంపవలసిన శత్రువునందును చిక్కుకొనియున్నది. లవెట్ ప్రక్కన నున్నను అతడు ఆమెను చూడడు. రతి ఒకరియందే యున్నచో అది రసాభాసమని విశ్వనాథుడు సాహిత్యదర్పణమున స్పష్టముగ చెప్పెను. శృంగారాభాసము హాస్యమునకు దారితీయునని మన సంప్రదాయమే చెప్పుచున్నది. రెండవ అంకమున సముద్రతీరమున ఇల్లు కట్టుకొని కాపురము చేయుదమని ఆమె పాడుచుండగా టాడ్ కదలక మెదలక కూర్చుండును. ప్రేక్షకులు నవ్వుదురు. ఆ నవ్వు వలననే ఆమె ప్రేమ ఆమె పాపమునకు క్షమాపణ పత్రము కాలేదు. కారణము చూపబడినది కాని కారణముచే పాత్ర కరుణ పాత్రగా మారలేదు. ఈ మర్మము సోండ్‌హైమ్‌కు తెలిసినంత బాండ్‌కు తెలియునో లేదో మేము చెప్పలేము. సంగీతము లేని నాటకమున ఆ పాటల హాస్యమునకు అవకాశము తక్కువ.

ఇంకొక సంగతి. వధను, భోజనమును రంగముపై ప్రత్యక్షముగ చూపరాదని దశరూపకము నిషేధించెను. ఈ కథ ఆ రెంటితోనే నడచును! నవలలోని కుర్చీ మీట తిరిగి మనుష్యుని నేలక్రిందికి పడవేయును. కంఠము కోయుట చూడనవసరము లేదు. 1979 నాటి రూపకమున క్షురిక, రక్తము ప్రేక్షకుల కన్నుల యెదుటనే. రెండవ అంకపు మొదట జనులు కజ్జములు తినుచు ఇంకను కావలెనని కేకలు వేయుచు పాడుదురు. మన లాక్షణికుల నిషేధము వట్టి మర్యాద కొరకని మేము లోగడ తలచుచుంటిమి. ఈ రెండు క్రియలు ఒకే రంగమున ఒకదాని వెంట నొకటి కనబడినచో ఏమగునో ఈ రూపకమును చూచినవారికి తెలియును. నిషేధించినవారికి నిషిద్ధవస్తువు యొక్క శక్తి తెలియును.

ఏంజెలా లాన్స్‌బరీ ఈ పాత్రను అంగీకరించుటకు ముందు, రూపకము పేరు స్వీనీ టాడ్ కదా, నెలీ లవెట్ కాదు కదా యని రచయితను అడిగినదని ప్రసిద్ధి. నటి అడిగిన ప్రశ్నయే విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న. ఆమె చివరకు అంగీకరించి, ఆ యేటి టోనీ బహుమానములలో ఉత్తమ నటి బహుమానమును పొందెను. 2007లో టిమ్ బర్టన్ తీసిన చలనచిత్రమున హెలెనా బోన్‌హమ్ కార్టర్ ధరించిన లవెట్ మెల్లగా మాటలాడునది, కన్నుల క్రింద నల్లని నీడలు గలది. చూచినంతనే అనుమానింపదగిన ఆ రూపము మాకు రుచింపలేదు. అట్టి స్త్రీ వద్ద ఏ గుమాస్తా కజ్జము కొనును?

మా దృష్టిలో లవెట్ పాత్రకు పరాకాష్ఠ టాడ్‌తో నడచు సన్నివేశములలో లేదు. టోబియస్ అను బాలునితో నడచు సన్నివేశమున నున్నది. నవలలో టోబియస్ రాగ్ టాడ్ వద్ద పనినేర్చుకొను కుర్రవాడు; రహస్యము పసికట్టినందుకు అతనిని పిచ్చివారి యింటిలో వేయింతురు. సంగీతరూపకమున ఆ బాలుడు పిరెల్లి వద్దనుండి లవెట్ వద్దకు చేరును. తల్లి లేనివాడు, ఆమెను తల్లిగా భావించును. టాడ్ చెడ్డవాడని శంకించి, తానుండగా ఆమెకు ఏ కీడును రానీయనని పాటగా మాట యిచ్చును. లవెట్ అతనిని దగ్గరకు తీసికొనును. అంతలో ఆమె చేతిలోని సంచిని చూచి అది తన పాత యజమానుడైన పిరెల్లిదని గుర్తించును. ఆమె కంగారుపడదు. మాట మార్చి, వంట నేర్పెదనని ప్రియముగ పిలిచి, భూగృహమునకు తీసికొనిపోయి తలుపు మూయును.

బాలునిపై ఆమెకు నిజముగ ప్రేమ లేదనుటకు వీలులేదు. పాటలో ఆమె గొంతు కలిసిన తీరు అబద్ధమైనది కాదు. ఐనను తలుపు మూయుటకు ఆమె చేయి ఆగలేదు. ఇచ్చట టాడ్ లేడు, అతనికై చేయుచున్నానను నెపము చాలదు. వ్యాపారము నిలువవలెను, ఇల్లు నిలువవలెను, తాను నిలువవలెను. బెల్ యార్డులో గుమాస్తాలకు నవ్వు పంచిన స్త్రీ ఇచ్చట మరల కనబడినది. విలియమ్స్‌ను చేర్చుకొన్న నోరే టోబియస్‌ను పిలిచినది. వంటింటి మర్యాదతో మనుష్యుని వంటింటిలో బంధించుట ఆమె మొదటినుండి నేర్చిన విద్య. నూటముప్పది ఏండ్లు కడచినను, ఎందరో రచయితలు చేయి పెట్టినను, పాత్రలోని ఈ ఎముక మారలేదు. లవెట్‌ను ప్రేమకు బలియైన స్త్రీగా మాత్రమే చూపు ప్రదర్శనలు ఈ సన్నివేశమున తడబడుట తప్పదు. తలుపు మూయు చేతికి ప్రేమ కారణము కాజాలదు.

ఇక మరణము. నవలలో టాడ్ ఆమెను చంపినది వాటా కొరకు. ఆమెకు తెలియకుండ, దూరమునుండి, ఆమె స్వయముగా పోసికొను పానీయములో విషము కలిపి. రంగమున టాడ్ ఎవరో యనుకొని ఒక బిచ్చగత్తెను చంపి, ఆమెయే తన భార్యయని పొయ్యి వెలుగున గుర్తించును. ఎందుకు చెప్పలేదని లవెట్‌ను అడుగును. తాను అబద్ధమాడలేదని ఆమె వాదించును. విషము త్రాగినదనియే చెప్పితిని గాని మరణించినదని చెప్పలేదు కదా యను భావము. చావు యెదుట నిలిచినపుడును ఆమె వాదము వర్తకుని వాదమే: సరకులో లోపము చెప్పలేదేగాని లేనిది ఉన్నదని చెప్పలేదు. టాడ్ చిరునవ్వు నవ్వి, క్షమించినట్లు చేతులు చాచి, ఆమెతో నృత్యమాడుచు పొయ్యి వద్దకు నడపించును. ఆమె సముద్రతీరపు ఇంటిని మరల తలచుకొనుచుండగా మంటలలోనికి త్రోయును. నవలలో ఆమె గుమాస్తాలకు పంచిన ఆ పైపై నవ్వు ఈ ఒక్కసారి అతని మొగమున నుండినది, ఆమె నమ్మినది.